కథల అడుగుజాడలు – 9: పుల్లరి దగ్గర మొదలైన యుద్ధం

పోయిన భాగంలో పుట్టల్నీ పాముల్నీ చూశాం. నిధికి కాపలా కాసే పాము ఎన్ని దేశాల కథల్లో పడగ విప్పిందో చెప్పుకున్నాం. ఈసారి పాముకన్నా మనిషికి చేరువగా బతికిన జీవి దగ్గరికి వద్దాం. ఆవు, ఆవుల మంద, ఆ మంద కోసం జరిగిన యుద్ధం. ఐర్లండులో, గ్రీసులో, ఆఫ్రికా పచ్చికబయళ్ళలో, మన వేదంలో, భారతంలో తిరిగి తిరిగి వచ్చే కథ ఇది. ఆ కథకు తెలుగులో ఉన్న అతిపెద్ద రూపం కాటమరాజు కథ. దాని రణరంగం నెల్లూరు జిల్లా దుత్తలూరు నుంచి ఉత్తరంగా మందను తోలుకుపోతే కొద్ది రోజుల్లో చేరుకునేంత దగ్గర.

నెల్లూరు జిల్లా అనగానే బయటివాళ్ళకు వరిమళ్ళు, పెన్నా కాలువలు, సముద్రం గుర్తొస్తాయి. పడమటి సగానికి ఆ బొమ్మ అతకదు. ఆత్మకూరు దాటి ఉదయగిరి వైపు వస్తే నేల ఎర్రబడుతుంది, చెట్టు పొట్టిబడుతుంది, చెరువు నిండితే పండగ, నిండకపోతే వలస. ఇది మెట్ట. దుత్తలూరుకు పడమటి దిక్కున ఉదయగిరి కొండ, దాని వెనక వెలిగొండల వరస, ఉత్తరాన పామూరు, కనిగిరి. ఉదయగిరి పేరు చెబితే చరిత్ర చదివినవాళ్ళు 1514లో శ్రీకృష్ణదేవరాయలు గజపతుల చేతిలోంచి కోటను పట్టుకున్న సంగతి చెబుతారు. ఆ ముట్టడికి రెండున్నర శతాబ్దాల ముందే ఈ నేలమీద ఇంకో యుద్ధం నడిచింది. అందులో కోట లేదు. గడ్డి ఉంది.

ఈ సీమలో ఆస్తి అంటే చాలాకాలం నాలుగు కాళ్ళమీద నడిచేదే. ఒంగోలు తాలూకా 1904లో గుంటూరు జిల్లాలోకి పోయేదాకా నెల్లూరు జిల్లాలో భాగం. అందుకే సముద్రం దాటి బ్రెజిల్ వెళ్ళిన ఒంగోలు జాతి పశువులకు అక్కడ ‘నెలోర్’ అన్న పేరు స్థిరపడింది. ఈనాడు బ్రెజిల్ పశుసంపదలో సింహభాగం ఆ జాతిదే. కనిగిరి ప్రాంతం కూడా 1970లో కొత్త జిల్లా ఏర్పడేదాకా నెల్లూరు జిల్లాలోనే ఉంది. అంటే ఇప్పుడు మనం చెప్పుకోబోయే కథ మొత్తం, పాత లెక్క ప్రకారం, ఒకే జిల్లాలో జరిగింది.

13వ శతాబ్దం. నెల్లూరును తెలుగు చోడులు ఏలుతున్నారు. కనిగిరి సీమలో కాటమరాజు గొల్లల దొర. వేల పశువుల మందలు, వాటి వెంట అన్నదమ్ములు, బావమరుదులు, కాపరులు. కరువు వచ్చింది. వాగులు ఎండాయి, కొండల్లో పచ్చిక మాడింది. మెట్టలో కరువొస్తే గొడ్లను దక్షిణానికి, తూర్పుకు, నీళ్ళున్న చోటికి తోలాలి. నీళ్ళున్న చోటు నెల్లూరు రాజుది. కథ ఆ రాజును నల్లసిద్ధి అంటుంది.

కాటమరాజు దొంగతనంగా మేపలేదు. మాట మాట్లాడుకున్నాడు. నీ రాజ్యంలో పచ్చిక మా పశువులు మేస్తాయి, అందుకు పుల్లరిగా, అంటే మేపు పన్నుగా, మందలో పుట్టిన కోడెదూడలు నీవి అన్నాడు. రాజు ఒప్పుకున్నాడు. కాపరికి పాడి కావాలి, ఆవు మిగలాలి. రాజ్యంలో సేద్యానికి, బండికి కోడె కావాలి. ఎవరికి పనికొచ్చేది వాళ్ళకు దక్కే ఒప్పందం అది. రెండు పక్షాలూ పశువు విలువ తెలిసినవాళ్ళే కాబట్టి అంత తేలిగ్గా కుదిరింది.

చెడింది ఒక చిలుక వల్ల. రాజు ఉంపుడుగత్తె పెంచుకున్న చిలుక మందను బెదరగొట్టిందని, గొల్లలు బాణం వేసి దాన్ని చంపారని, ఆమె కోపంతో పశువులను చంపించిందని కథ చెబుతుంది. కాటమరాజు రాజుతో మొరపెట్టుకున్నా న్యాయం జరగలేదు. మా పశువుల ప్రాణాలు కాపాడలేని రాజుకు పుల్లరి ఎందుకు కట్టాలి అని మందలను తోలుకుని వెళ్ళిపోయాడు. రాయబారాలు నడిచాయి. భట్టు ఇటూ అటూ తిరిగాడు. తెగలేదు. పాలేటి ఒడ్డున పంచలింగాల దగ్గర రెండు సేనలూ ఎదురుపడ్డాయి.

పేచీ ఎక్కడ పడిందో కాస్త ఆగి చూడాలి. పశువుల కథలు ప్రపంచంలో ఎక్కడ విన్నా చాలావాటి మొదట్లో దొంగతనం ఉంటుంది. ఒకడు మందను తోలుకుపోతాడు, ఇంకొకడు వెంటపడతాడు. కాటమరాజు కథలో ఎవరూ ఎవరి మందనూ తోలుకుపోలేదు. మేసిన గడ్డికి బాకీ ఎంత, ఎవరు మాట తప్పారు, మాట తప్పినవాడికి పన్ను అడిగే హక్కు ఉందా అన్నది తగవు. ఈ ప్రశ్న వేసినవాడు పశుల కాపరి, వేయించుకున్నవాడు రాజు. పన్ను తీసుకుంటే రక్షణ ఇవ్వాలి, రక్షణ లేదంటే పన్నూ లేదు. ఏడు వందల ఏళ్ళ కిందటి గొల్లల నోట ఇంత తేటగా ఈ మాట పలికిందంటే నాకు ఎంతో గౌరవం కలుగుతుంది. ఈ తగవులో న్యాయం కాటమరాజు పక్కనే ఉందని నా నమ్మకం.

ఇక రాజు పక్షాన వచ్చిన సేనాపతి. ఆయన ఖడ్గతిక్కన. కొట్టరువు వంశం, నియోగి బ్రాహ్మడు, కత్తి పట్టినవాడు. మొదటి పోరులో సేన చాలావరకు నేలకొరిగింది. మళ్ళీ బలం కూడగట్టుకుందామని ఆయన ఇంటికి తిరిగొచ్చాడు. అక్కడ జరిగింది తెలుగువాళ్ళు తరతరాలుగా చెప్పుకుంటున్నారు.

స్నానానికి నీళ్ళు పెట్టమన్నాడు. భార్య చానమ్మ మగవాళ్ళు స్నానం చేసే చోట కాకుండా వేరే మూల నీళ్ళు పెట్టింది. నులకమంచం అడ్డం నిలబెట్టి చాటు చేసింది. పక్కన పసుపు ముద్ద ఉంచింది. అది ఆడవాళ్ళ స్నానానికి చేసే ఏర్పాటు. ఇదేమిటని ఆయన అడిగాడు. వెన్నిచ్చి వచ్చినవాడికి మగవాళ్ళ మధ్య చోటెక్కడ, ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళం ఉండేవాళ్ళం, మీతో ముగ్గురమయ్యాం అన్న అర్థం వచ్చేలా ఆమె జవాబిచ్చింది. తర్వాత భోజనం. తల్లి ప్రోలమ్మ విరిగిన పాలు పోసింది. కొడుకు ఆకువంక చూస్తే, నువ్వు విరిగి వచ్చినట్టే పాలూ విరిగాయి అంది. తిక్కన లేచి మళ్ళీ పంచలింగాల దారి పట్టాడు. తిరిగి రాలేదు.

నెల్లూరు ఇంట్లోని ఈ మంచం చాటుకు తోబుట్టువులు చాలామంది ఉన్నారు. తమిళ సంగ సాహిత్యంలో పురనానూరులోని ఒక తల్లిని చూడండి. కొడుకు వెన్నుచూపి చచ్చాడని ఎవరో అంటారు. అదే నిజమైతే వాడికి పాలిచ్చిన రొమ్ములు కోసేసుకుంటానని ఆ ముసలామె కత్తి పట్టుకుని రణభూమికి వెళుతుంది. శవాలను ఒక్కొక్కటే తిరగేసి, ముక్కలై పడున్న కొడుకును చూసి, కన్ననాటికన్నా ఎక్కువ సంబరపడుతుంది. గ్రీసులో స్పార్టా తల్లులు కొడుకు చేతికి డాలు ఇస్తూ, దీనితో రా, లేదా దీనిమీద రా అనేవారని ప్లూటార్క్ రాశాడు. పారిపోయి వస్తున్న పారశీక సైనికులకు ఎదురునిలిచి, ఎక్కడికి పరిగెడతారు, మళ్ళీ మా కడుపుల్లో దూరతారా అని ఆడవాళ్ళు నిలదీసిన ముచ్చటా ఆయన రాతల్లోనే ఉంది. ఆడవాళ్ళను యుద్ధానికి పోనివ్వని సమాజాలు, యుద్ధం నుంచి మగవాళ్ళను తిరిగి రానివ్వని పనిని మాత్రం వాళ్ళకే అప్పగించాయి. చానమ్మ ఆ మాట అనడానికి ఎంత గుండె రాయి చేసుకుందో కథ చెప్పదు. అది మనమే ఊహించుకోవాలి.

ఇప్పుడు ఈ వ్యాసానికి నన్ను పురిగొల్పిన సంగతి. ఖడ్గతిక్కనకు ఒక తమ్ముడు వరస అయిన చిన్నాన్న కొడుకు ఉన్నాడు. ఆయన పేరూ తిక్కనే. నెల్లూరు రాజు మనుమసిద్ధి కొలువులో మంత్రి, కవి. తర్వాత యజ్ఞం చేసి తిక్కన సోమయాజి అయ్యాడు. నన్నయ భారతంలో సభాపర్వం దాకా వచ్చి, అరణ్యపర్వం మధ్యలో ఆగిపోయాడు. తిక్కన ఆ మధ్యలోంచి ఎత్తుకోలేదు. నేరుగా విరాటపర్వంతో మొదలుపెట్టాడు. విరాటపర్వానికి వెన్నెముక ఏమిటి? గోగ్రహణం. సుశర్మ వచ్చి విరాటుడి ఆవులను దక్షిణం వైపు నుంచి తోలుకుపోతాడు. మర్నాడు కౌరవులు ఉత్తరం వైపున అరవై వేల ఆవుల మందను పట్టుకుంటారు. పేడివేషంలో ఉన్న అర్జునుడు జమ్మిచెట్టు మీది గాండీవం దించి మందను మళ్ళిస్తాడు. ఒక ఇంటి అన్న పశువుల తగవులో కత్తికి బలైతే, అదే ఇంటి తమ్ముడు పశువుల యుద్ధంతో తెలుగు భారతానికి శ్రీకారం చుట్టాడు. ఒకే తరం, ఒకే వంశం, ఒకే నెల్లూరు.

విరాటపర్వాన్ని తిక్కన ఎంచుకోవడానికి కావ్యపరమైన కారణాలు పండితులు చాలా చెప్పారు. వాటిని కాదనను. కానీ ఆ పర్వంలో భయపడి రథం దిగి పరిగెత్తే ఉత్తరుడినీ, వాణ్ణి పట్టి తెచ్చే బృహన్నలనూ చదువుతున్నప్పుడల్లా నాకు మంచం చాటున పసుపు ముద్ద కనిపిస్తుంది. వెన్నుచూపిన మగవాడు, ఆడవేషంలోని వీరుడు, వెనక్కి తిరగాల్సిన ఆవులు. ఆ ఘట్టాలు నెల్లూరు శ్రోతలకు ఎంత దగ్గరగా తగిలి ఉంటాయో!

ఇంకొక ముడి కూడా ఉంది. వానలు పడకపోతే ఊళ్ళో విరాటపర్వం చదివించడం తెలుగునాట పాత ఆనవాయితీ. అజ్ఞాతవాసంలో ఉన్న పాండవులను ఎలా పట్టుకోవాలని కౌరవులు ఆలోచిస్తుంటే, ధర్మరాజు ఉన్నచోట వానలు సకాలంలో కురుస్తాయి, పాడి పొంగుతుంది, అలాంటి దేశం ఎక్కడుందో వెతకండి అని భీష్ముడు చెబుతాడు. ఆ మాట పట్టుకునే మన పల్లెలు ఆ పర్వాన్ని వానల పుస్తకం చేసుకున్నాయి. కరువు మందను కదిలిస్తుంది, మంద యుద్ధాన్ని తెస్తుంది, వాన పడితే మంద ఇంటిదగ్గరే ఉంటుంది. మెట్టవాళ్ళకు ఇది పురాణం చెప్పాల్సిన సంగతేమీ కాదు.

ఇక పొలిమేర దాటుదాం. ఐర్లండు వీరగాథల్లో అన్నిటికన్నా పెద్దది ‘టాయిన్ బో కూలిన్యా’, అంటే కూలిన్యా సీమ పశువుల దాడి కథ. దాని పాత ప్రతుల్లో ఒకటి 1100 ప్రాంతంలో చర్మం మీద రాసింది. ఆ గ్రంథానికే ‘గోధుమరంగు ఆవు పుస్తకం’ అని పేరు. కథలో రాణి మేవ్, ఆమె భర్త ఐలిల్ పడకమీద ఎవరి ఆస్తి ఎక్కువో లెక్క వేసుకుంటారు. పాత్రలు, నగలు, బట్టలు, గొర్రెలు, గుర్రాలు, పందులు అన్నీ సరిసమానం. భర్త మందలో తెల్లకొమ్ముల ఆంబోతు ఒక్కటి ఎక్కువ. దానికి సాటి వచ్చే గోధుమరంగు ఆంబోతు కూలిన్యాలో ఉంది. మేవ్ కబురు పంపుతుంది. ఏడాదికి నీ ఆంబోతును అరువియ్యి, యాభై పడ్డలనిస్తాను, భూమి ఇస్తాను, రథం ఇస్తాను అంటుంది. యజమాని సంతోషంగా ఒప్పుకుంటాడు. ఆ రాత్రి విందులో తాగిన దూతల్లో ఒకడు నోరుజారి, ఇవ్వకపోయినా బలవంతంగా తోలుకుపోయేవాళ్ళమే అంటాడు. ఆ మాట యజమాని చెవిన పడుతుంది. ఒప్పందం రద్దు. యుద్ధం.

నెల్లూరులో చిలుక, అక్కడ తాగుబోతు దూత. చక్కగా కుదిరిన బేరం ఒక్క అల్పమైన కారణంతో విరిగి, దాని వెనక వందల ప్రాణాలు పోవడం రెండు కథల్లోనూ ఉంది. ఐర్లండు కథలో కుహూలిన్ అనే కుర్రవాడు ఒంటరిగా సరిహద్దు కాస్తాడు. చివరికి ఆంబోతులు రెండూ తలపడతాయి. గోధుమరంగుది గెలుస్తుంది, ఓడినదాని మాంసఖండాలు కొమ్ములకు వేలాడేసుకుని సొంతూరికి పరిగెత్తి, అక్కడ గుండె పగిలి చస్తుంది. ఎవరికోసం యుద్ధం జరిగిందో ఆ రెండూ మిగలవు. కాటమరాజు కథాచక్రంలోనూ పశువు ఊరికే చూస్తూ నిలబడదు. బొల్లావు కథ అని ఒక ఆవుకే ప్రత్యేకంగా ఒక కథ ఉంది. రాజుల పేర్ల పక్కన ఆవు పేరును నిలబెట్టిన గొల్లల మనసు అది.

గ్రీకుల హెర్మెస్ పుట్టిన రోజే అపోలో ఆవులు యాభైని దొంగిలించి, అడుగుజాడలు తిరగబడేలా వెనక్కి నడిపించాడు. రోమన్ల కాకస్ దొంగిలించిన ఆవులను తోకలు పట్టి గుహలోకి ఈడ్చాడు. ఋగ్వేదంలో పణులు ఆవులను గుహలో దాచితే ఇంద్రుడి దూతగా సరమ అనే ఆడకుక్క రస నదిని దాటి వెళ్ళి వాళ్ళతో వాదిస్తుంది. పదో మండలంలో నూట ఎనిమిదో సూక్తం మొత్తం ఆ సంభాషణే. ఆవులు, గుహ, తిరగబడ్డ జాడ, వెతికే కుక్క. కుక్కను మరిచిపోకండి, మళ్ళీ వస్తుంది.

ఇన్ని దేశాల్లో ఒకే కథ ఎందుకుంది? ఒక జవాబు భాషల చుట్టరికం. సంస్కృతం, గ్రీకు, లాటిను, ఐరిష్ ఒకే కుటుంబానివి కాబట్టి, పూర్వీకుల దగ్గర ఉన్న పశువుల కథ పిల్లలందరికీ పంచివచ్చిందని పండితులు చాలాకాలం చెప్పారు. ఈ జవాబులో సత్తువ ఉంది. కానీ తెలుగు, తమిళం ఆ కుటుంబానివి కావు. తూర్పు ఆఫ్రికా మసాయిలూ కారు. మసాయిలు ఏమంటారంటే, దేవుడు ఆకాశం నుంచి తోలుతాడు వదిలి పశువులన్నిటినీ తమకోసమే దించాడు, కాబట్టి లోకంలో ఎక్కడ ఆవు ఉన్నా అది న్యాయంగా తమదే. ఎవరి మందనైనా తోలుకొస్తే దొంగతనం కాదు, తమ సొత్తు తాము తెచ్చుకోవడమే! 1981లో బ్రూస్ లింకన్ అనే అమెరికా పండితుడు తూర్పు ఆఫ్రికా పశుపాలకులనూ ప్రాచీన ఇండో-ఇరానియన్లనూ పక్కపక్కన పెట్టి ఒక పుస్తకం రాశాడు. చుట్టరికం లేని ఈ రెండు జనాల దగ్గర పూజారి, యోధుడు, పశువు అనే మూడింటి చుట్టూ ఒకే తీరు మతం పెరగడానికి వాళ్ళ బతుకుదెరువే కారణమని చూపించాడు.

నాకు ఈ రెండో జవాబే ఎక్కువ నచ్చుతుంది. పొలాన్ని ఎవరూ రాత్రికి రాత్రి ఎత్తుకుపోలేరు. మందను తోలుకుపోవచ్చు. పొలం ఉన్నచోటే ఉంటుంది, మంద వాన వెంట కదులుతుంది, కదిలినప్పుడు ఇంకొకడి నేలమీద కాలు పెడుతుంది. ఈ రెండు లక్షణాలున్న ఆస్తితో బతికే ఏ జనానికైనా ఇలాంటి వీరుడు, ఇలాంటి దొంగ, ఇలాంటి పొలిమేర తగవు పుట్టుకొస్తాయి. కథ ప్రయాణం చేయనక్కర్లేదు.

దక్షిణాదిలో దీనికి రాతి సాక్ష్యం కావలసినంత ఉంది. తమిళుల ప్రాచీన యుద్ధశాస్త్రం పశువులను పట్టడానికి ఒక పువ్వును, తిరిగి తెచ్చుకోవడానికి ఇంకో పువ్వును గుర్తుగా పెట్టింది. వెట్చి పువ్వు దోచేవాడిది, కరందై పువ్వు విడిపించేవాడిది. యుద్ధమంటే ముందు మందను పట్టడమే అన్నంత సహజంగా ఆ లెక్క సాగుతుంది. మన రాయలసీమలో, నెల్లూరు సీమలో, కన్నడ దేశంలో వీరగల్లులు నిలబడ్డాయి. మామూలుగా వాటి కింది అరలో పోరు ఉంటుంది, కొన్నిటిలో వీరుడి వెనక ఆవులు నిలబడి ఉంటాయి. మధ్య అరలో అప్సరసలు అతన్ని చేతులు పట్టి పైకి తీసుకుపోతుంటారు. పై అరలో శివలింగం ముందు కూర్చుని ఉంటాడు. ఒకే రాతిమీద చావు, దారి, గమ్యం. తమిళనాడులో చెంగం దగ్గర ఎడుత్తనూరులో మహేంద్రవర్మ పల్లవుడి 34వ పాలనా సంవత్సరపు రాయి ఒకటుంది. పశువుల కోసం చనిపోయిన వీరుడితో పాటు అతని కుక్కను కూడా చెక్కారు. కుక్క పేరు కోవివన్ అని శాసనంలో రాశారు. దొంగలకు ఎదురునిలిచినందుకు దానికీ ఆ రాతిలో చోటు దొరికింది. సరమ నుంచి కోవివన్ దాకా ఆవు ఉన్నచోట కుక్క ఉంది. ఐర్లండు వీరుడు కుహూలిన్ పేరుకు అర్థమే కులన్ గారి వేటకుక్క అని.

వీరుడికి రాయి నిలిపితే, ఆడదానికి గుడి కట్టారు. దుత్తలూరు మండలంలోనే నర్రవాడ ఉంది. అక్కడి వెంగమాంబ పేరంటాలు ఈ మెట్ట అంతటికీ ఇలవేల్పు లాంటిది. దొంగల దాడిలో భర్త దెబ్బతిని ప్రాణం మీదికి వస్తే, ఆయనకన్నా ముందు ముత్తైదువగా పోవాలని ఆమె అగ్గిలో ప్రవేశించిందని భక్తులు చెప్పుకుంటారు. ఏటా జూన్ ప్రాంతంలో బ్రహ్మోత్సవాలకు జనం విరగబడతారు. కాటమరాజు కథల్లో కూడా అక్కమ్మ పేరంటాలు కథ ఒకటుంది. ఆ నిప్పును నేను కీర్తించలేను. ఏ ఆడబిడ్డకూ రాకూడని చావు అది. కానీ దొంగల భయం మధ్య బతికిన అడవి అంచు పల్లె తన బాధకు ఒక ఆడమనిషి పేరు పెట్టుకుని, ఆమెనే కాపలాదారుగా నిలుపుకుని, పిల్లలకు జ్వరం వచ్చినా కాపురంలో కష్టం వచ్చినా ఆమెకే చెప్పుకోవడం అర్థం చేసుకోవలసిన సంగతి. పంచలింగాలలో చచ్చిన మగవాళ్ళ కథ వినాలంటే పాటగాడు రావాలి. వెంగమ్మ కథ వినడానికి ఆ గుడి మెట్ల దగ్గర ఏ అవ్వనడిగినా చాలు.

పాటగాళ్ళ సంగతి. కాటమరాజు కథను గొల్లలకు చెప్పే హక్కు కొమ్ములవాళ్ళది. వాళ్ళు మాదిగల్లో ఒక శాఖ. పొడుగాటి కొమ్ము ఊదుతూ, వీరణం వాయిస్తూ రాత్రంతా చెబుతారు. గొల్లలు గంగమ్మకు కొలుపు చేసుకునేటప్పుడు ఈ కథ ఉండాల్సిందే. ముప్పైకి పైగా కథలున్న ఈ చక్రాన్ని తంగిరాల వెంకట సుబ్బారావు ఏళ్ళ తరబడి పోగుచేసి, పరిష్కరించగా, 1970ల్లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ రెండు సంపుటాలుగా అచ్చువేసింది. ఆ పని జరగకపోతే తాటాకుల్లో, గొంతుల్లో ఎంత పోయేదో తలచుకుంటేనే భయం వేస్తుంది.

ఒకే యుద్ధం ఇలా రెండు దారుల్లో మనదాకా వచ్చింది. అగ్రహారాల అరుగుల మీద చాటుపద్యాలు ఖడ్గతిక్కన ఇంటి గుమ్మం లోపలి మాటలను మోసుకొచ్చాయి. మంద దగ్గర కొమ్ములవాళ్ళు కాటమరాజు పక్షాన్ని మోసుకొచ్చారు. పద్యం నేర్చినవాళ్ళకు పుల్లరి సంగతి లీలగా తెలుసు, కథ విన్నవాళ్ళకు విరిగిన పాల సంగతి తెలుసు. ఓడినవాడి గోడు, గెలిచినవాడి గోడు రెండూ ఒకే భాషలో నిలిచి ఉండటం అరుదు. ఐర్లండు కథలో దాడికి గురైన సీమ గొంతే బలంగా వినిపిస్తుంది. వేదంలో పణుల మాట మనకు ఇంద్రుడి మనుషుల నోటనే వినిపిస్తుంది.

పుల్లరి మాత్రం పంచలింగాల దగ్గర ఆగలేదు. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. ఊరుమ్మడిగా మేపుకునే కొండలకు సర్కారు గట్లు పెట్టింది. మేపుకు పన్ను కట్టాలంది. ఆ పన్నునూ జనం పుల్లరి అనే పిలిచారు. పల్నాడులో కన్నెగంటి హనుమంతు నాయకత్వంలో రైతులు, కాపరులు పుల్లరి కట్టేది లేదని భీష్మించారు. 1922 ఫిబ్రవరిలో ఆయన పోలీసు కాల్పుల్లో చనిపోయాడు. నల్లసిద్ధిని కాటమరాజు అడిగిన ప్రశ్ననే, ఈ కొండ మీద గడ్డి మొలిపించింది నువ్వా అన్నట్టుగా, ఆయన దొరలను అడిగాడు.

ఈనాటి దుత్తలూరు, ఉదయగిరి, వింజమూరు పల్లెల్లో పెద్దమందలంటే గొర్రెలే, నెల్లూరు జాతి జీవాలు. ఎండలు ముదిరితే కాపరులు వాటిని తోలుకుని కోతలైన మాగాణి వైపు దిగుతారు. అక్కడ రైతుతో మాట్లాడుకుంటారు. ఇన్ని రాత్రులు మీ చేలో మంద కడతాం, ఎరువు మీకు, దానికి ఇంత డబ్బో ఇన్ని గింజలో మాకు. మేసినందుకు కాపరి కట్టే రోజులు పోయి, మంద నిలిపినందుకు రైతే ఇచ్చే చోట్లు ఇవి. కోడెదూడల బేరంలాగే ఇదీ ఇద్దరి అవసరాల మీద నిలిచిన ఒప్పందం. చెడితే పొలిమేర పంచాయతీ దాకా పోతుంది.

వచ్చే భాగంలో యుద్ధాలు రాజేసిన పక్షుల గురించి చెప్పుకుందాం. కాటమరాజు చిలుక ఒంటరిది కాదు. పల్నాటి కోడిపుంజులు, బొబ్బిలి కోడిపందేలు దాని పక్కనే ఉన్నాయి.

(ఇంకా ఉంది)